బూడిదరంగు మాట

"మూట విప్పు," అన్నాడు మహిధర్.

నీలవ్వ చీపురును గోడకు ఆనించి, చేతులు చెంగుకు తుడుచుకుంది. ఎంత తుడిచినా ఆ చేతులకు పసుపు వదలదు. పంట దిగే కాలమంతా, రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పనిచేసేవాళ్ల గోళ్లు, మడమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా పచ్చగానే ఉంటాయి.

దుకాణం ముందరి సిమెంటు కళ్లంలో రైతులు తమ తమ రాశుల పక్కన కూర్చుని ఉన్నారు. ఖరీదుదారు ఒక రాశిలోంచి పసుపు కొమ్ము తీసి పుటుక్కున విరిచాడు. లోపలి రంగు చూడడానికి విరిచినవాడు చూడకుండానే చేతిలో పట్టుకుని ఇటు తిరిగాడు. వీపు మీద సంచితో పోతున్న హమాలీ భూమన్న కూడా ఆగాడు.

నీలవ్వ మూట విప్పింది. తూకమై రాశి సంచులకెత్తినాక నేల మీద మిగిలిన ముక్కలు, పొట్టు ఊడ్చిన మనిషికే చెందుతాయి. మహిధర్ తండ్రి అంబదాస్ బతికున్నప్పటి నుంచి ఆ దుకాణంలో అదే పద్ధతి. మూటలో ఆ ముక్కలే ఉన్నాయి. వాటి మధ్య చిన్న గుడ్డలో విడిగా కట్టినవి ఉన్నాయి. మహిధర్ వేలితో ఆ ముడి లాగాడు. నిండు కొమ్ములు. ఏరి ఏరి తీసినట్టు పొడుగ్గా, కణుపులు తేలి ఉన్నాయి.

"గివి గూడ ఊడిస్తే వచ్చినయా?"

నీలవ్వ తల తిప్పి, ఇంటికీ దుకాణానికీ నడుమ ఉన్న గడప వైపు చూసింది. ఆ గడప మీద మహిధర్ తల్లి భాగ్యవతి చాట ఒళ్లో పెట్టుకుని కొమ్ముల్లోంచి మట్టి గడ్డలు ఏరుతూ ఉంది.

భాగ్యవతి చాటలోకి చూసింది.

"జెప్పరాదా నీలవ్వా," అన్నాడు భూమన్న సంచి కింది నుంచి. "ఏడికెల్లి వచ్చినయో చెప్తే అయిపోతది కద."

"వచ్చేటప్పుడున్న రాశి తూకంల ఉంటలేదని రైతులు నన్ను అనవట్టిరి," అన్నాడు మహిధర్. కళ్లం అంతటికీ వినబడేటట్టే అన్నాడు. "నేనేమో హమాలీలను అనుమానిస్తి. ఇంట్ల మనిషి లెక్క చూసుకుంటిమి నిన్ను. పెద్దదానివని ఇంతకంటె ఎక్కువ అంటలేను. రేపటి సంది రాకు."

నీలవ్వ ఇంకోసారి గడప వైపు చూసింది. తరవాత మూటను నేల మీద బోర్లించి దులిపింది. కొమ్ములతో పాటు తనకు రావలసిన ముక్కలను కూడా అక్కడే వదిలేసింది. ఖాళీ గుడ్డను నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకుని కళ్లం దాటిపోయింది.

భాగ్యవతి చాటలో ఒకే మట్టిగడ్డను చాలాసేపు అటూ ఇటూ జరిపింది.

ఆ కొమ్ములు ఆమే ఇచ్చింది. ఆ పొద్దున్నే పెరట్లో, తులసికోట వెనక, తన చేతులతో ఏరి కట్టింది. నీలవ్వ మనుమరాలి పెండ్లి కుదిరింది. పసుపు దంచుడుకు కొమ్ములు కావాలి. "నీ చేతితోనే ఇయ్యమ్మా," అంది నీలవ్వ. "నా చెయ్యెందుకే, బొట్టు లేని చెయ్యి," అంటే, "నాకు గా పట్టింపు లేదు. మా వియ్యపోల్లకు ఉంటదేమో, వాల్లకు చెప్పద్దు. నా మనుమరాలు నీ లెక్క ఓపికతోని బతకాలె," అని కొంగు పట్టింది.

రైతుల్లో ఆ వియ్యపువాళ్ల ఊరివాళ్లు ఉండి ఉంటారు. విధవ చేతి పసుపు పెండ్లికి పోతున్నదని వాళ్లు వింటే ఏమంటారు? అందుకే ఊకున్నాను, అనుకుంది భాగ్యవతి. పదిమందిలో కొడుకు మాటకు ఎదురు చెప్తే వాడి పరువేం కాను? లోపలికి వచ్చాక నిదానంగా చెప్తాను, అనుకుంది. మహిధర్ అన్నానికి వచ్చాడు. పచ్చిపులుసు కలుపుకుని తింటూ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు. చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆమె అతని కంచం తీసి, దాన్ని పట్టుకుని నిలబడింది.

మేడ మీది గదిలోంచి ఆమె మనుమరాలు, మహిధర్ కూతురు రాజశ్రీ పిలిచింది.

రాజశ్రీది హైదరాబాద్‌లో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఈ నెల ఇంటి నుంచే పని. బొమ్మలు గీసేవాళ్లు వేరే ఉంటారు. ఆ బొమ్మ ఎట్లాంటి మనిషి, బలమెంత, తెలివెంత, ఎక్కడ ఏం మాట్లాడగలదు అన్నది నిర్ణయించడం ఈ పిల్ల పని. ఇప్పుడు చేస్తున్నది తెలుగు సంత ఆట. అందుకే భాగ్యవతితో ఆడించి చూస్తుంది. భాగ్యవతి బడికి పోలేదు. పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నది. స్క్రీన్ మీది తెలుగును కూడా వేలు పెట్టి, అక్షరం అక్షరం పలుకుతూ చదువుతుంది.

"కూసో బాపమ్మా. ఇప్పుడు నువ్వొక మనిషివి కావాలె."

"ఇప్పుడు నేను మనిషిని కాదా ఏందే?"

"ఆటల మనిషివి," నవ్వింది రాజశ్రీ. "గీ చుక్కలు చూడు. ఇవన్నీ నీయే. బలం, తెలివి, మాట, ధైర్యం, ఓపిక. దేనికెన్ని పెట్టుకుంటవో నీ ఇష్టం. ఒకదానికి ఎక్కువ పెడితే ఇంకోదానికి తక్కువైతయి, మల్ల."

"దేవుడు గిట్లనే పంచుతడా?"

"దేవుడు మనల్ని అడగడు. నేను అడుగుతున్న."

పసుపురంగు చుక్కలు గుండ్రంగా మెరుస్తున్నాయి. రాజశ్రీ చూపించినట్టు భాగ్యవతి వేలితో ఒక్కొక్క చుక్కనూ ఒత్తి పట్టి జరిపింది. మొదటిది ఓపిక పక్కన పెట్టింది. రెండోది కూడా. బలం దగ్గర కొంచెం తటపటాయించి, మోకాళ్లు నిమురుకుని, అదీ ఓపికకే పెట్టింది. చివరికి చుక్కలన్నీ ఒక్క వరసలోనే చేరాయి. మిగతా పేర్ల పక్కన ఖాళీ.

"అన్నీ ఒక్కదానికే పెడ్తవా?"

"ఓపిక ఉంటే అన్నీ ఉన్నట్టే బిడ్డా."

"మా సార్ ఓపికను తీసెయ్యమంటుండు. ఎవ్వరు పెట్టుకుంటలేరట. ఆడేటోల్లందరికి బలమే కావాల్నట."

"ఆడోల్లనడుగుమను మీ సారును."

ఆట మొదలైంది. బంగారు అంచు చీర కట్టిన ఒక సావుకారమ్మ స్క్రీన్ మీద నిలబడింది. రాజశ్రీ ఆమెను చూపించి "గీమె నువ్వే అనుకోవాలె. ఆమె చేసేది నువ్వు చేసినట్టే," అంది. సావుకారమ్మకు ఎండ తగిలింది, పడిపోలేదు. ఒకడు వచ్చి అరిచిపోయాడు, పడిపోలేదు. పొద్దంతా నీళ్లు లేకుండా నడిచింది. భాగ్యవతికి లోపల ఎక్కడో గర్వం కలిగింది. "చూసినవా, నా ఓపిక," అంది.

అప్పుడు స్క్రీన్ మీద సంత నడుమ ఒక ముసలామె వచ్చింది. చేతిలో చీపురు. ఎదురుగా ఒక మగమనిషి ఆమె మూటను చూపించి "దొంగ" అంటున్నాడు. కింద మూడు మాటలు కనిపించాయి. భాగ్యవతి వేలు పెట్టి చదివింది. "ఊ-కుం-డు." తరవాత, "లో-ప-లి-కి పో." మూడోది బూడిదరంగులో ఉంది. "ఆ-మె దొం-గ కా-దు."

దాని మీద వేలు పెట్టి ఒత్తింది. ఏమీ కాలేదు. గట్టిగా ఒత్తింది.

"గిదేందే, గీ మాట ఒత్తుతలేదు? ఖరాబైందా?"

"ఖరాబు కాలే బాపమ్మా. నువ్వు మాటకు, ధైర్యానికి చుక్కలు పెట్టలే కద. గవి ఉన్నోల్లకే గా మాట పచ్చగైతది. నీకు కనబడ్తది గని, అనరాదు."

"అనరానప్పుడు కనబడుడెందుకు? కనబడకుంట పెట్టరాదు?"

"ఏ మాట అనకుంట ఊకున్నరో ఆడేటోల్లకు తెల్వాలె కద." రాజశ్రీ కుర్చీలో కాళ్లు ముడుచుకుంది. "పొద్దున కిటికీలకెల్లి చూసిన, బాపమ్మా. నీలవ్వ గట్ల మూట దులుపుకొని పోతుంటే మనసున పట్టలేదు. వచ్చి గీ సీను రాసిన. తప్పంటవా?"

భాగ్యవతి వేలు ఇంకా ఆ బూడిదరంగు అక్షరాల మీదే ఉంది.

"గా కొమ్ములు నేనే ఇచ్చిన," అంది.

రాజశ్రీ కాళ్లు కిందికి దించింది.

"డాడీకి చెప్పినవా?"

"చెప్త."

"ఎప్పుడు?"

"చెప్త అంటున్న కద. పెండ్లిపిల్లకు నా చేతి పసుపని నలుగురికి తెలిస్తే..."

"మరి నీలవ్వన్న చెప్పొద్దా? అమ్మనే ఇచ్చింది అని ఒక్క మాటంటే అయిపోతుండె."

భాగ్యవతి ఆ ప్రశ్న పొద్దున్నుంచి తనకు తాను వేసుకుంటూనే ఉంది. జవాబు కూడా తయారుగానే ఉంది. "విశ్వాసం బిడ్డా. నా మీద మాట రానియ్యది. తన మీదన్న ఏసుకుంటది గని నా పేరు తియ్యది. గసువంటి మనిషి."

రాజశ్రీ కీబోర్డు దగ్గరికి జరిగింది. చీపురు పట్టుకున్న ముసలామె బొమ్మ పెద్దదై వచ్చింది. దాని పక్కన గుణాల వరస. ఆ వరస చివర ఒక కొత్త పేరు టైపు చేసింది. విశ్వాసం.

"ఇది మా ఆటల ఇదివరకు లేకుండె. మంచిగుంటది. ఎంత పెట్టమంటవ్?"

"ఎంత పడ్తే గంత పెట్టు."

చుక్కలు వరసగా వెలిగాయి. వాటిని చూస్తుంటే భాగ్యవతికి ఏడుపు వచ్చింది, దాంతోపాటే కొంచెం కుదుటపడినట్టు కూడా అయింది. అంత విశ్వాసమున్న మనిషి తనను తప్పుపట్టి ఉండదు అనుకుంది.

మరునాడు నీలవ్వ రాలేదు. రాదని తెలిసినా భాగ్యవతి చీపురు ఉన్న మూల వైపే చూస్తూ కూర్చుంది. ఊడ్చడానికి ఎవరో కొత్తామె వచ్చింది. గోడ వారన ముక్కలు వదిలేసి నడిమధ్యన మాత్రం ఊడుస్తుంది. ఆ తెల్లారి కూడా ఆమే వచ్చింది. రాజశ్రీ ఏమీ అడగలేదు. కాని మెట్లు దిగినప్పుడల్లా బాపమ్మ ముఖంలోకి ఒకసారి, తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి మళ్లీ పైకి పోతున్నది. ఆ చూపుకు భాగ్యవతి నిలవలేకపోయింది. ఆ పగలు మహిధర్ అన్నానికి కూర్చోగానే, ఫోన్ మోగకముందే అనేసింది.

"గా కొమ్ములు నేనిచ్చిన మహీ. నీలవ్వ తియ్యలే."

మహిధర్ నోటి దగ్గరి ముద్ద ఆపాడు. "నువ్వా? ఎందుకు?"

"మనుమరాలి పసుపు దంచుడుకు."

"నీ చేతితోనా?" అని, తల్లి నుదురు వైపు చూసి, వెంటనే కంచంలోకి చూపు దించుకున్నాడు. "ఆనాడే చెప్తే అయిపోతుండె కద అమ్మా. నువ్వు గడప మీదనే ఉంటివి."

ఆమె నీళ్ల చెంబు అతని దగ్గరికి జరిపింది.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు చివరికి. "పనికి రమ్మను. నేనేం అనను."

"నువ్వు పిలువాలె. అన్నోనివి నువ్వు."

"నేనెట్ల పిలుస్త? రైతుల ముంగట అన్న మాట. ఇయ్యాల దొంగ అని, రేపు కాదంటే, రేపు కాంటా కాడ నేను చెప్పిన తూకం ఎవడు నమ్ముతడు? నా దందా అంత నోటి మాట మీదనే ఉన్నది. నువ్వే చెప్పి పంపు. పాత లెక్కనే చేసుకొమ్మను."

అతను చెడ్డవాడు కాదని భాగ్యవతికి తెలుసు. అతని గొంతులో సిగ్గు కూడా వినబడింది. అంతకన్నా ఎక్కువ అడగలేకపోయింది.

మర్నాడు పొద్దున మళ్లీ కొన్ని కొమ్ములు ఏరింది. మొదటివాటికన్నా పెద్దవి. కొంగులో కట్టుకుని ఆర్మూర్ నుంచి నందిపేట్ పోయే షేర్ ఆటో ఎక్కింది. ఆటో నిండా మనుషులు. ఒకామె మోచేయి తగులుతూనే ఉంది. దారి పొడుగునా చేలల్లో ఉడికిన పసుపును పరిచి ఆరబెట్టారు. ఆ వాసన ఆటోలోకి వస్తున్నది. నీలవ్వ ఏడుస్తుంది, అనుకుంది భాగ్యవతి. నేనూ ఏడుస్తాను. తరవాత ఇద్దరం ఇదే ఆటోలో తిరిగి వస్తాం.

నందిపేట్‌కు ముందే మలుపు దగ్గర దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. నీలవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట ఉంది గాని, అందులో పసుపు లేదు. కత్తిరించిన తునికాకులు, తంబాకు. ఆకులో చిటికెడు తంబాకు పోసి, వేళ్ల నడుమ బీడీగా చుట్టి, కొసను గోటితో లోపలికి మడుస్తున్నది. చేయి బాగా తిరగలేదు. చుట్టినదాన్ని మళ్లీ విప్పి చుడుతున్నది.

"అమ్మా! ఎండల పడి వచ్చినవా?" లేచి చాప దులిపి వేసింది. నీళ్లు తెచ్చింది. మళ్లీ చాట ముందుకు కూర్చుంది.

గుమ్మానికి కొత్తగా సున్నం వేశారు. వాకిట్లో పెద్ద రోలు. రోలు లోపలంతా పచ్చగా ఉంది.

"దంచుడు అయిందా?" అంది భాగ్యవతి.

"నిన్న అయింది. కిరాణంల కొన్నం కొమ్ములు. పెండ్లింక నాలుగొద్దులున్నది."

భాగ్యవతి కొంగు ముడి విప్పబోయి ఆగింది. "మహిధర్‌కు చెప్పిన. నేనే ఇచ్చిన్నని చెప్పిన. నిన్ను పనికి రమ్మన్నడు. పాత లెక్కనే."

"చెప్పినవా?" నీలవ్వ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. "మంచిది. ఎవ్వరి ముంగట చెప్పినవు?"

"అన్నం తింటుంటే."

"ఆహా," అంది నీలవ్వ. మళ్లీ ఆకు తీసుకుంది.

"నీ అంత విశ్వాసం ఎవ్వరికుంటదే? అమ్మనే ఇచ్చిందని ఒక్క మాటంటే అయిపోతుండె. నా మీద మాట రావద్దని నోరు మూసుకొని పోతివి. నా మనుమరాలికి గూడ చెప్పిన, గసువంటి మనిషి అని."

నీలవ్వ ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

"గట్ల అనుకున్నవా అమ్మా?"

"మరి?"

"నీ దిక్కు చూసిన. నువ్వు చాటల చూసుకుంటున్నవ్. రెండోసారి గూడ చూసిన." బీడీ కొసను మడిచి పక్కన పెట్టింది. "నేను 'అమ్మ ఇచ్చింది' అంటి అనుకో. సేటు నిన్నడుగుతడు. 'ఇచ్చినవా అమ్మా' అంటడు. నువ్వు లేదంటే?"

"నేను లేదంటనానే?"

నీలవ్వ ఇంకో ఆకు తీసి తంబాకు పోసింది. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడింది. అంటానా, అని భాగ్యవతి తనను తాను అడుక్కుంది. అంతమంది రైతులు, ఖరీదుదారు, కొడుకు మొహం, వియ్యపువాళ్ల ఊరు. అననని చెప్పడానికి నోరు తెరిచింది గాని, ఆ మాట నాలుక మీదికి రాలేదు.

"పని పోతే ఇంకో పని," అంది నీలవ్వ. "బీడీలన్న చుట్టుకుంట. గని నువ్వు లేదన్న మాట నా చెవులవడితే, ఇన్నేండ్లు నేను ఎవ్వరింట్ల మెసులుకున్నట్టు? గా భయానికే ఊకున్న. అడగలే కాబట్టి నువ్వు లేదనలే. గంతన్న మిగిలింది నాకు."

భాగ్యవతి నీళ్ల గ్లాసు కింద పెట్టింది. ఇంకేమీ తోచక, కొంగు విప్పి కొమ్ములు చాప మీద పెట్టింది. "ఉంచుకో. కూరలకైన పనికొస్తయి."

నీలవ్వ నవ్వింది. "వద్దమ్మా. గింత నిండు కొమ్ములు నా ఇంట్ల ఉంటె, ఎవడన్న యాడియి అంటె ఎవ్వరి పేరు చెప్పాలె?"

కొమ్ములు మళ్లీ కొంగులోకి వెళ్లాయి. భాగ్యవతి లేచింది. "పోయొస్త నీలవ్వా."

"మంచిదమ్మా," అంది నీలవ్వ. మళ్లీ రమ్మని అనలేదు. పెండ్లి మాట కూడా ఎత్తలేదు. వాకిలి దాకా వచ్చి, ఎండ ఎక్కువగా ఉందని తల మీద కొంగు కప్పుకొమ్మంది. అంతే.

తిరుగు ఆటోలో భాగ్యవతికి కిటికీ పక్కన చోటు దొరికింది. రాజశ్రీకి చెప్పాలి, ఆ బొమ్మ పక్కన నేను తప్పు పేరు రాయించానని. ఆ చుక్కలన్నీ నేను లేదంటానేమోనన్న భయానికి పెట్టాలని. ఆ పిల్ల ముఖం ఎట్లా చూడాలో తెలియలేదు. ఆర్మూర్‌లో దిగి ఇంటి వెనక గుమ్మం వైపు నడవబోయి, మనసు మార్చుకుని కళ్లం వైపు నడిచింది.

కళ్లం నిండుగా ఉంది. రాశుల మీద ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. భాగ్యవతి రాశుల మధ్యకు పోయి నిలబడింది. ఆ ఇంటి కోడలుగా వచ్చినప్పటి నుంచి గడప దాటి అక్కడ నిలబడింది లేదు.

"నీలవ్వ దొంగ కాదు," అంది. గొంతు తాను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "గా కొమ్ములు నేనిచ్చిన. బొట్టు లేని దాన్ని, నేనే నా చేతులతోని కట్టిచ్చిన."

దుకాణం గద్దె మీద కూర్చున్న మహిధర్ తలెత్తాడు. రాశుల పక్కన ఉన్న మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భాగ్యవతి కూడా ఒక్కొక్క ముఖాన్నీ వెతికింది. ఆ రోజు ఉన్న రైతుల్లో ఒక్కరూ లేరు. వాళ్లు తమ పసుపు అమ్ముకుని, విన్న మాటను వెంటబెట్టుకుని ఊళ్లకు పోయారు. వీళ్లు వేరే. భూమన్న ఎక్కడో లారీ మీద ఉన్నాడు.

దగ్గరి రాశి పక్కన కూర్చున్న పెద్దాయన తలపాగా సర్దుకుని లేచాడు. "నేను జక్రాన్‌పల్లి నడిపయ్యనమ్మా. నువ్వంటున్నది సమజ్ గాలే. నీ రాశి ఏది? తూకంల ఏమన్న ఫరక్ వచ్చిందా?"

"రాశి కాదయ్యా. నీలవ్వ అని మా ఇంట్ల..."

"అమ్మా, లోపలికి రా," మహిధర్ గద్దె దిగి వచ్చాడు. మెల్లగానే అన్నాడు. "ఎండల ఎందుకు?"

ఆమె కదలలేదు. "నీలవ్వ అని ఒకామె ఉండె," అని నడిపయ్యకే చెప్పసాగింది. "నందిపేట్ దిక్కు వాల్లది. మనుమరాలి పెండ్లని..."

ఖరీదుదారు వచ్చి నడిపయ్య రాశిలో చెయ్యి పెట్టాడు. ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచాడు. నడిపయ్య గబగబా అటు తిరిగి, "మంచిగ ఎండబెట్టిన పసుపు సేటు, ఒక్క చుక్క తేమ లేదు, జర చూసి చెప్పు," అని బేరంలో పడ్డాడు.

ఆయన బేరం తెగి మళ్లీ ఇటు తిరుగుతాడేమోనని భాగ్యవతి సగం మాటతో ఆ ఎండలో నిలబడి ఉంది. సంచులు ముందుకు జరిగాయి. కాంటా మీదికి మొదటి సంచి ఎక్కింది. నడిపయ్య దాని వెంబడే పోయాడు.

మాట అక్కడే ఆగిపోయింది.